ఒక్క బిట్టు గొంతు

పాతబస్తీకి కంప్యూటర్ వచ్చింది అక్షరం కోసం. ఛత్తా బజార్ ప్రెస్సుల్లో పెళ్లి కార్డులూ పోస్టర్లూ ఉర్దూ రాతగాళ్లైన కాతిబుల కలం మీదుగానే అచ్చుకు వెళ్లేవి. 1994లో ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్‌ను విడుదల చేశాక నస్తాలీక్ లిపి తెర మీదికెక్కింది. కలందానుల పక్కన 386లూ 486లూ చేరాయి. ఆ యంత్రాలకు పాట పాడే పని లేదు. సౌండ్ కార్డు, సీడీ డ్రైవు, ఒక జత ప్లాస్టిక్ స్పీకర్లు కలిపి ‘మల్టీమీడియా కిట్’ పేరుతో విడిగా అమ్మిన కాలమది. కార్డులు అచ్చేసేవాడు ఆ ఖర్చు ఎందుకు పెడతాడు? కాబట్టి వాటికి మిగిలిన గొంతు ఒక్కటే, క్యాబినెట్ లోపల బిగించిన చిన్న స్పీకర్. ఆన్ చేయగానే ఒక బీప్. ర్యామ్ సరిగా కూర్చోకపోతే వరసగా బీప్‌లు.

అలాంటి పెట్టెలు ఇప్పుడు తుక్కులో తేలుతుంటాయి. గురువారం జుమేరాత్ బజార్‌లో ఓపిగ్గా తిరిగేవాళ్లకు పాత బోర్డులు, పసుపు తిరిగిన క్యాబినెట్లు తగులుతూనే ఉంటాయి. వాటిని తుడిచి, బ్యాటరీ మార్చి, మళ్లీ డాస్ ఎక్కించి నడిపించే సరదా ఉన్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు, మన దగ్గరా ఉన్నారు. తెర వెలిగిన తర్వాత వాళ్లకు వచ్చే ప్రశ్న ఇది: ఈ ఒక్క బజర్ నుంచి ఇంకాస్త నిండైన నాదం రాబట్టగలమా? నలభై ఏళ్లకు పైగా చాలామంది దీనికి జవాబులు వెతికారు. ఆ జవాబులన్నిటినీ ఒకచోట పెట్టి చూడాలన్నది ఈ వ్యాసం ప్రయత్నం. చూసినకొద్దీ నాకు వాటితో ఒక పేచీ కూడా వచ్చింది. దాని సంగతి చివర్లో.

ముందు యంత్రం. 1981 ఆగస్టులో ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ను తెచ్చినప్పుడు అందులో రెండుంపావు అంగుళాల కాగితపు కోన్ స్పీకర్ పెట్టింది. దాన్ని నడిపేది 8253 అనే టైమర్ చిప్. ఆ చిప్‌లో మూడు ఛానెళ్లు: ఒకటి సెకనుకు 18.2 సార్లు గడియారాన్ని ముందుకు నడుపుతుంది, రెండోది మెమరీలో ఉన్నది చెరిగిపోకుండా కాస్తుంది, మూడోది స్పీకర్‌కు. చిప్‌లోకి సెకనుకు 11,93,182 పల్సులు వస్తాయి. వాటిని మనమిచ్చిన సంఖ్యతో భాగించి, అన్నిసార్లు స్పీకర్ పొరను బయటికీ లోపలికీ తోస్తుంది. 2712 ఇస్తే 440 హెర్ట్జ్ స్వరం. ఇక 97వ నంబరు పోర్టులో చివరి రెండు బిట్లు తలుపు గొళ్లాలు, అవి తెరిస్తేనే శబ్దం. ఉన్నవి రెండే స్థితులు. మెల్లగా, గట్టిగా అనే మధ్య మెట్లు లేవు. జీడబ్ల్యూ-బేసిక్ నేర్చుకున్న తరానికి ఇదంతా ‘సౌండ్ 440, 18.2’ అన్న ఒక్క లైనుగా గుర్తుంటుంది. ఎంటర్ కొడితే సరిగ్గా ఒక సెకను మోగేది.

అదే కాలపు మరికొన్ని యంత్రాలకు ఈ పాటి సౌకర్యం కూడా లేదు. 1977 నాటి ఆపిల్ 2లో టైమర్ లేదు. 49200 అనే చిరునామాను ప్రాసెసర్ ముట్టుకున్న ప్రతిసారీ స్పీకర్ పొర ఒకసారి అటు నుంచి ఇటు మారుతుంది, అంతే. 1982 నాటి జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లో 254వ పోర్టులో ఒక బిట్టు. ఎప్పుడు తోయాలో, ఎంతసేపు ఆగాలో అంతా ప్రాసెసరే లెక్కపెట్టుకోవాలి. ఐబీఎం టైమర్ ఆ భారం తీసేసింది. తీసేయడం వల్లే చాలామంది ప్రోగ్రామర్లు ఆ ఒక్క సన్నటి కీచుతో సరిపెట్టుకున్నారని నా అనుమానం. చేతికి పని తప్పనిసరైన ఆపిల్, స్పెక్ట్రమ్ వాళ్లే ముందు దారులు కనిపెట్టారు.

ఇంకా వెనక్కి వెళితే 1951 ఉంది. ఆ ఏడాది ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఏసీ, ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఫెరాంటీ యంత్రం, ఆపరేటర్‌కు హెచ్చరిక కోసం పెట్టిన హూటర్‌తోనే పాటలు పలికించాయి. 1975 నాటి ఆల్టెయిర్‌కైతే స్పీకరే లేదు. పక్కన రేడియో పెట్టి, ప్రాసెసర్ విడిచే విద్యుత్ గోలను రేడియోలో స్వరాలుగా వినిపించారు. ఈ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. ఛత్తా బజార్‌లోనే దశాబ్దాలుగా వాల్వు రేడియోలు బాగుచేస్తున్న మహబూబ్ రేడియో సర్వీస్ ఉంది. అలాంటి చోటు నుంచి ఒక మీడియం వేవ్ సెట్టు తెచ్చి, మూత తీసిన పాత కంప్యూటర్ పక్కన పెట్టి, స్టేషన్ లేని చోట ముల్లు ఆపి చూడండి. ప్రోగ్రామ్ మారినప్పుడల్లా గోల మారుతుంది.

ఒక్క బిట్టు అనగానే పేదరికం అనుకోవడం మనకు అలవాటు. అసలు సంగతి వేరు. 1999లో సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన సూపర్ ఆడియో సీడీ, ఆనాటికి అత్యంత నాణ్యమైనదిగా అమ్ముకున్న సరుకు, ఒక్క బిట్టు శబ్దమే. తేడా ఎక్కడంటే, అది సెకనుకు 28,22,400 సార్లు అవునా కాదా అని నిర్ణయించుకుంటుంది. అంటే నిండుదనం ఉన్నది మెట్ల సంఖ్యలో కాదు, పొరను ఎప్పుడు తోయాలో ఎంత కచ్చితంగా, ఎంత తరచుగా నిర్ణయించగలం అన్నదానిలో. మొదటి ఐబీఎం పీసీలోని 8088 ప్రాసెసర్‌కు సెకనుకు ఉన్నవి 47.7 లక్షల సైకిళ్లు. ఒక్కో చిన్న ఆదేశానికీ పదీ ఇరవై ఖర్చవుతాయి. బజర్‌ను మెరుగుపరిచే దారులన్నీ చివరికి ప్రాసెసర్‌కు దొరికే ఈ తీరిక దగ్గరే తేలతాయి.

అన్నిటికంటే చవకైన దారి స్వరాలను గిరగిరా తిప్పడం. స, గ, ప మూడూ ఒకేసారి మోగించలేం కాబట్టి ఒకదాని వెంట ఒకటి సెకనుకు యాభై అరవై సార్లు మారుస్తారు. చెవి వాటిని కలిపి ఒక గుచ్ఛంగా తీసుకుంటుంది. పీసీలో గడియారం టిక్ 18.2 దగ్గరే వదిలేస్తే పుక్కిలించినట్టు గరగరలాడుతుంది. టిక్ వేగం పెంచితే డాస్ గడియారం పరుగెత్తి సాయంత్రానికల్లా రేపటి తేదీ చూపిస్తుంది, పాత టిక్‌ను లెక్క ప్రకారం అందిస్తూ పోకపోతే. ఒకప్పటి డాస్ ఆటల్లో చాలావాటి సంగీతం ఇదే. ఒకటి రెండు నిమిషాలకు మించి వింటే నాకు తల నొస్తుంది. అయితే ఈ చౌక ఉపాయాన్నే పట్టుకుని, ఇతర మాయలేవీ లేకుండా, షిరు అనే సంగీతకారుడు 2019లో ‘సిస్టమ్ బీప్స్’ అనే ఆల్బమ్ మొత్తం చేశాడు. అది విన్నాక ఉపాయాన్ని తిట్టడం తగ్గించుకున్నాను.

రెండో దారిని మన దగ్గర చాలామంది తెలియకుండానే విన్నారు. కెనడాకు చెందిన విండ్‌మిల్ సాఫ్ట్‌వేర్ 1983లో తెచ్చిన డిగ్గర్ ఆటను తొంభైల్లో కంప్యూటర్ సెంటర్లకు వెళ్లినవాళ్లు మరిచిపోరు. అందులో ‘పాప్‌కార్న్’ బాణీ మిగతా ఆటల బీప్‌లకంటే మెత్తగా ఉండేది. ఒక్కో స్వరం తీగ మీటినట్టు మొదలై తగ్గిపోయేది. శబ్దస్థాయి మార్చలేని స్పీకర్ మీద ఇదెలా? పొర బయట ఉండే సమయాన్ని మార్చి. పూర్తి చక్రంలో సగం సమయం బయట ఉంటే స్క్వేర్ వేవ్, అందులో మూల స్వరంతో పాటు మూడో, ఐదో, ఏడో హార్మోనిక్‌లే ఉంటాయి, సరి సంఖ్యలవి ఉండవు, అందుకే ఆ బోలుతనం. పావు వంతుకు తగ్గిస్తే సరి హార్మోనిక్‌లూ చేరి గొంతు మారుతుంది. ఇంకా సన్నం చేస్తూ పోతే ఒక హద్దు దాటాక చెవి దాన్ని గొంతు మారడంగా కాక శబ్దం తగ్గడంగా వింటుంది. ఆ హద్దు సుమారు పదో వంతు దగ్గర. ఒక్క బిట్టు స్పీకర్‌కు వాల్యూమ్ పిడి దొరికింది అక్కడే.

ఆ సన్నటి పల్సులతోనే అసలు విందు మొదలవుతుంది. చార్మినార్ చుట్టూ గల్లీల్లో వెండి వరక్ కొట్టే దుకాణం ముందు నిలబడ్డవాళ్లకు ఇది చెప్పడం తేలిక. పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు పనివాళ్లు వేర్వేరు వేగాల్లో సుత్తి వేస్తుంటారు. అయినా మన చెవికి రెండు లయలూ విడివిడిగా అందుతాయి. ఎందుకంటే ఒక్కో దెబ్బ క్షణంలో అయిపోతుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య బోలెడు ఖాళీ, రెండూ ఒకే క్షణాన పడేది అరుదు. స్పీకర్ మీద కూడా ఇంతే. రెండు స్క్వేర్ వేవ్‌లను కలపబోతే చెరి సగం సమయం పొరను పట్టుకుంటామంటాయి, మాటిమాటికీ ఢీకొంటాయి, వచ్చేది కలగూర శబ్దం. వాటి బదులు సూదిమొనంత పల్సులు పంపి, ఏ గొంతు ‘తోయి’ అన్నా తోసెయ్యడమే నియమంగా పెట్టుకుంటే రెండు, మూడు, నాలుగు స్వరాలు కూడా ఒకే పొర మీద పడి విడివిడిగా వినిపిస్తాయి. ‘రెండూ ఒకటే అంటే ఆగు, తేడా వస్తే తోయి’ అనే ఇంకో నియమమూ ఉంది. దానితో లెక్కలో లేని కొత్త స్వరాలు పుట్టి గంట మోగినట్టు కరకుగా ఉంటుంది. కొందరికి అదే ఇష్టం.

ఈ విద్యలో పెద్ద పేరు టిమ్ ఫోలిన్. టీనేజ్ దాటకముందే స్పెక్ట్రమ్ కోసం 1986లో ‘ఏజెంట్ ఎక్స్’, 1987లో ‘క్రోనోస్’ ఆటలకు సంగీతం చేశాడు. ఒక్క బిట్టు మీద బహుగొంతుల రాక్ వినిపించిన రచనలవి. వాటిని మొదటిసారి వినేవాళ్లు వేరే సౌండ్ చిప్ ఉందేమో అనుకుంటారు. అంతకుముందే 1981లో పాల్ లూటస్ ఆపిల్ 2 మీద ‘ఎలక్ట్రిక్ డ్యుయెట్’తో రెండు గొంతులు పలికించాడు. ఇటీవల బ్లేక్ ట్రోయిస్ ఒక్క బిట్టును ఒక వాద్యంగా చూస్తూ 2020లో పరిశోధన వ్యాసమే రాశాడు, సొంతంగా ఆల్బమ్‌లూ చేశాడు. తాళం సంగతికొస్తే, రెండు మూడు మిల్లీసెకన్లు సంగీతం ఆపేసి ఆ సందులో పొరను ఇష్టమొచ్చినట్టు తోస్తే డప్పు దెబ్బలా మోగుతుంది, తెగిన స్వరాన్ని చెవి తనే అతికించుకుంటుంది. బార్కస్ పెళ్లి ఊరేగింపుల్లోని మర్ఫాను ఈ పద్ధతిలో ఎవరైనా రాస్తే బాగుంటుందని నా కోరిక. ఆ లయకు స్వరాల అవసరం తక్కువ, దెబ్బల మధ్య కచ్చితత్వమే ప్రాణం. బజర్‌కు బాగా తెలిసిన పని కూడా అదే.

ఈ దారికి చెల్లించాల్సిన మూల్యం తీరిక. స్పెక్ట్రమ్ ప్రాసెసర్ సెకనుకు 35 లక్షల సైకిళ్లు నడిచేది. నాలుగు గొంతుల లెక్కకే అవి చాలవు. అందుకే ఆ పాటలు టైటిల్ తెర మీదే మోగేవి, ఆట మొదలవగానే నోరు మూతపడేది.

మూడోది అందరూ మెచ్చుకునే దారి, అసలు రికార్డు చేసిన శబ్దాన్నే వినిపించడం. పల్సు వెడల్పును సెకనుకు వేలసార్లు మారుస్తూ పోతే, కోన్‌కు ఉన్న బరువు వల్ల ఒక్కో పల్సునూ అది అనుసరించలేక సగటు దగ్గర ఊగుతుంది. ఆ సగటే మన శబ్దం. 1988లో అమెరికాలో యాక్సెస్ సాఫ్ట్‌వేర్ ‘రియల్‌సౌండ్’ పేరుతో తన గోల్ఫ్ ఆటలో దీన్ని పెట్టింది. మరుసటేడు ‘మీన్ స్ట్రీట్స్’లో మాటలూ వినిపించింది. ఇక్కడ బేరం లెక్క చూడండి. సెకనుకు 11,93,182 పల్సుల్ని 64 మెట్లుగా కోసుకుంటే 18,643 నమూనాలు పంపొచ్చు. నమూనాలు 8,000కు తగ్గిస్తే దాదాపు 149 మెట్లు దొరుకుతాయి, శబ్దం నునుపవుతుంది. కానీ ఆ 8,000 హెర్ట్జ్ కూత పాటంతా వెంట ఉంటుంది. కూతను చెవికి అందనంత పైకి నెడితే మెట్లు తగ్గి శబ్దం గరుకవుతుంది. రెండూ ఒకేసారి దొరకవు.

పైగా ఇంత చేసినా వచ్చేది చిన్న గొంతే. విండోస్ 3.1కు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన స్పీకర్ డ్రైవర్ వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ‘డింగ్’ అన్నంతసేపూ మౌస్ బిగుసుకుపోయేది. ప్రాసెసర్ మొత్తం ఆ ఒక్క డింగ్‌కే అంకితం. 2015లో జర్మనీలో రివిజన్ ఉత్సవంలో ప్రదర్శించిన ‘8088 ఎంపీహెచ్’ అనే డెమో ప్రోగ్రామ్ ఈ దారికి శిఖరం. మొట్టమొదటి ఐబీఎం పీసీ మీద, సౌండ్ కార్డు లేకుండా, నాలుగు ఛానెళ్ల సంగీతం సెకనుకు పదహారున్నర వేల నమూనాలతో మోగించారు. ఒక్కో నమూనాకు దక్కింది 288 సైకిళ్లు, అందులోనే నాలుగు శబ్దాలు కలిపి, పంపి, తర్వాతిదానికి సిద్ధం కావాలి. ప్రోగ్రామింగ్‌గా నేను దానికి చేతులెత్తి మొక్కుతాను. వాద్యంగా మాత్రం నా ఓటు సన్నటి పల్సులకే. రికార్డు చేసిన శబ్దం ఈ స్పీకర్‌లో ఎంత బాగా వచ్చినా పాత టెలిఫోన్‌లో విన్నట్టే ఉంటుంది. సన్నటి పల్సులు ఈ స్పీకర్ తప్ప ఇంకెవరూ పాడలేనట్టు పాడతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ పాటలను ఇవాళ ఎక్కువమంది వినేది ఎమ్యులేటర్‌లో, మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని. అక్కడ కోన్ లేదు, కోన్ బరువు లేదు, క్యాబినెట్ రేకు అదురు లేదు. కోన్‌ను నమ్ముకున్న పద్ధతులకు అక్కడ అన్యాయం జరుగుతుంది. తీర్పు చెప్పేముందు అసలు పెట్టె మీద వినాలి.

అసలు పెట్టె అన్నప్పుడు కొన్ని చేతిపని మాటలు. తొంభైల మధ్య నుంచి చాలా బోర్డుల మీద కోన్ బదులు నల్లటి పీజో బజర్ అతికించడం మొదలైంది. అది రెండు నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్యే గట్టిగా అరుస్తుంది, కింది స్వరాలకు గొంతు పెగలదు. బోర్డు మీద నాలుగు పిన్నుల స్పీకర్ కనెక్టర్ ఉంటే పాత 8 ఓమ్‌ల కోన్ తగిలించండి. మూసీ దాటి కోఠీ గుజరాతీ గల్లీకి వెళితే కొద్ది రూపాయల్లో దొరుకుతుంది. దాన్ని ఊరికే వేలాడదీయకుండా చిన్న చెక్కపెట్టెకు బిగిస్తే వెనక గాలి ముందు గాలిని చంపకుండా ఉంటుంది, కింది స్వరాలకు బలం వస్తుంది. కనెక్టర్ లేకుండా పీజో మాత్రమే ఉన్న బోర్డుకు నేరుగా కోన్ కలపొద్దు. పీజోకు చాలిన కరెంటు కోన్‌కు చాలదు, డ్రైవర్ ట్రాన్సిస్టర్ వేడెక్కుతుంది.

యాంప్లిఫయర్‌కు కలిపేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఈ కనెక్టర్‌లో స్పీకర్ తీగల్లో ఒకటి సాధారణంగా 5 వోల్టుల సరఫరా, గ్రౌండ్ కాదు. రెండో తీగ నుంచి, మధ్యలో కెపాసిటర్ పెట్టి, గ్రౌండ్ వేరేచోట నుంచి తీసుకోవాలి. 1 కిలో ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కు 22 నానోఫారడ్ కెపాసిటర్ పెడితే ఏడు వేల హెర్ట్జ్ పైన ఉన్న కూత నెమ్మదిస్తుంది. పల్సు వెడల్పు పద్ధతికి ఇది వరం, సన్నటి పల్సుల మెరుపుకు మాత్రం శాపం. కాబట్టి ఒక స్విచ్ పెట్టుకోండి. ప్రింటర్ పోర్టుకు రెసిస్టర్ల నిచ్చెన కట్టి ఎనిమిది బిట్ల శబ్దం తీయడం, ఎనభైల చివర్లో కోవాక్స్ అమ్మిన పద్ధతి, సులభమే. 1987 నాటి ఆడ్‌లిబ్ కార్డో, 1989 నాటి సౌండ్ బ్లాస్టరో పెడితే ఇంకా సుఖం. కానీ అవి ఈ ప్రశ్నకు జవాబులు కావు, ప్రశ్నను తప్పించుకోవడాలు.

అదే గుజరాతీ గల్లీలో మూడు కాళ్ల యూఎం66 అనే చిప్ కూడా అమ్మేవారు. చూడ్డానికి ట్రాన్సిస్టర్ లాగే ఉండి, కడుపులో 64 స్వరాల పాట దాచుకున్న ముక్క. డోర్‌బెల్లులు, బొమ్మలు, గ్రీటింగ్ కార్డులు పాడింది ఇలాంటివాటితోనే. ఒక్క బిట్టు సంగీతాన్ని మన నగరం ఎక్కువగా విన్నది కంప్యూటర్ నుంచి కాదు, వీటి నుంచీ, వెనక్కి వచ్చే వ్యాన్ల హారన్ల నుంచీ, 2000 తర్వాత నోకియా 3310 నుంచీ. ఆ ఫోన్‌లో స్వరాలు ఒక్కొక్కటే నొక్కి సినిమా పల్లవి రాసుకోవడం ఒక కాలపు కుర్రాళ్ల విద్య. పాలిఫోనిక్ ఫోన్లు వచ్చాక ఆ విద్యకు గిరాకీ పోయింది.

ఇప్పుడు నా పేచీ. పైన చెప్పిన దారులన్నీ ఒకే కోరిక నుంచి పుట్టాయి: ఒకేసారి ఎక్కువ స్వరాలు. పాశ్చాత్య సంగీతంలో నిండుదనం అంటే స్వరగుచ్ఛం కాబట్టి ఆ కోరిక వాళ్లకు సహజం. మన సంగీతంలో నిండుదనం ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్లే దారిలో ఉంటుంది. గమకం అన్నా, మీండ్ అన్నా అదే. మనకు కావలసిన గొంతులు రెండు, కింద శ్రుతి, పైన రాగం. ఆ కొలతతో చూస్తే ఈ బజర్ కథ మారిపోతుంది.

ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971లో ఆ నిషేధాన్ని పాక్షికంగానే సడలించింది. అభ్యంతరాల్లో ముఖ్యమైంది, మెట్టుకూ మెట్టుకూ మధ్య దానికి దారి లేకపోవడం. పీసీ స్పీకర్‌కు ఆ దారి ఎంత ఉందో లెక్కిద్దాం. షడ్జాన్ని ఒకటో శ్రుతిలో, సుమారు 261.7 హెర్ట్జ్ దగ్గర పెడితే టైమర్‌కు ఇవ్వాల్సిన సంఖ్య 4560. హార్మోనియం మీద దాని పక్క మెట్టుకు చేరేలోపు ఈ సంఖ్య దాదాపు 256 సార్లు మారగలదు. ఒక్కో మార్పూ చెవికి విడిగా తెలియనంత చిన్నది. అంటే జారుడుకు బజర్ దగ్గర పట్టాలేసి ఉన్నాయి. ఆకాశవాణి అభ్యంతరం దీనికి వర్తించేది కాదు. 1968లో మన నగరంలోనే కన్నుమూసిన బడే గులాం అలీ ఖాన్ మీండ్‌ను రికార్డులో విని, దాని గీతను సంఖ్యలుగా మార్చి టైమర్‌కు ఇవ్వడంలో సాంకేతిక అడ్డంకి ఏమీ లేదు. ఖాన్ సాబ్ గొంతు మాత్రం రాదు, అది వేరే సంగతి.

4560కి ఇంకో అందం ఉంది. దాన్ని ప్రకృతి నిష్పత్తులతో భాగిస్తూ పోతే మాయామాళవగౌళ మొత్తం పూర్ణ సంఖ్యల్లో వచ్చేస్తుంది: స 4560, రి 4275, గ 3648, మ 3420, ప 3040, ద 2850, ని 2432, పై స 2280. ఎక్కడా శేషం మిగలదు. సరళీ స్వరాలు నేర్చుకునే ప్రతి పిల్లా మొదట పట్టే రాగం, హిందుస్తానీ వాళ్ల భైరవ్ స్వరాలు, ఒక బీప్ చిప్‌లో చిల్లర లేకుండా ఇమిడి ఉన్నాయి. పియానో మెట్లతో పోలిస్తే ఇవి అసలు శ్రుతికి దగ్గర. బేసిక్‌లోని సౌండ్ ఆదేశం ఫ్రీక్వెన్సీని పూర్ణాంకానికి సర్దేస్తుంది కాబట్టి ఈ అందం అందులో పోతుంది. నేరుగా పోర్టుకు రాయాలి.

రాసేటప్పుడు ఒక చిన్న విషయం తేడా తెచ్చిపెడుతుంది. స్వరం మార్చిన ప్రతిసారీ 67వ పోర్టుకు 182 అనే కంట్రోల్ బైటు పంపడం పుస్తకాలు నేర్పే పద్ధతి. అలా పంపితే టైమర్ మొదటి నుంచి మొదలెడుతుంది, ప్రతి మార్పుకూ ‘టిక్’ వినిపిస్తుంది, గమకం ముక్కలవుతుంది. ఒక్కసారి కంట్రోల్ పంపి, ఆ తర్వాత కేవలం 66వ పోర్టుకు చిన్న బైటు, పెద్ద బైటు రాస్తూ పోతే నడుస్తున్న అరచక్రం పూర్తయ్యాకే కొత్త సంఖ్య అమల్లోకి వస్తుంది. అతుకు తెలియదు.

ఇక శ్రుతి. తంబూర నాదానికి ప్రాణం గుర్రం (బ్రిడ్జి) మీద పెట్టే జీవ. ఆ నూలుపోగు వల్లే తీగ నుంచి పై హార్మోనిక్‌లు విచ్చుకుంటాయి. సన్నటి పల్సులో ఉండేది కూడా అదే, దాదాపు సమాన బలం ఉన్న హార్మోనిక్‌ల బారు. పల్సు వెడల్పును నెమ్మదిగా మారుస్తూ పోతే ఏ హార్మోనిక్ ముందుకొస్తుందో మారుతూ ఉంటుంది. చిన్న కోన్ మంద్ర షడ్జాన్ని నేరుగా పలకలేకపోయినా, దాని పై హార్మోనిక్‌లు వరసగా వినిపిస్తే చెవి కింది స్వరాన్ని తనే ఊహించుకుంటుంది. బెంగళూరు రాడెల్ సంస్థ 1979 నుంచి ఎలక్ట్రానిక్ తంబూరలు చేస్తోంది, విద్వాంసులు వాటితో కచేరీలే చేస్తున్నారు. కాబట్టి విద్యుత్ శ్రుతి మనకు అపచారమేమీ కాదు.

రెండిటినీ కలిపే పద్ధతి ఇలా ఉండొచ్చు. రాగం టైమర్‌లో నడుస్తుంది. ప్రాసెసర్ 97వ పోర్టులోని రెండు గొళ్లాల్లో ఒకటైన డేటా బిట్టును షడ్జం వేగంతో అతి కొద్దిసేపు మూసి తెరుస్తుంది. రాగం పొరను వదిలేసి ఉన్న అరచక్రంలో పడ్డ మూత వినిపించదు. కాబట్టి ఇది కూడిక కాదు, గుణకారం, రెండు స్వరాల మొత్తమూ తేడా కూడా పుడతాయి. గుచ్ఛాల సంగీతానికి ఇది చిక్కు. మనకు లాభం. 4560తో షడ్జం, 3040తో పంచమం మోగుతుంటే వాటి తేడా సరిగ్గా కింది స్థాయి షడ్జం మీద పడుతుంది, శ్రుతిలోనే కలుస్తుంది. పంచమాన్ని పియానో మెట్టుకు సర్దితే మాత్రం ఆ తేడా స్వరం పక్కకు తప్పి అల అలగా కొట్టుకుంటుంది. తంబూర సరిచేసుకునేవాళ్లు వినేది ఆ అలనే.

8088 మీద ఈ పని ఇరుకు. ఛత్తా బజార్‌లో కార్డులు దిద్దిన 486కు తీరిక బోలెడు, అయితే దాని కాష్ వల్ల ఒకే లూప్ ఒకసారి తొందరగా, ఇంకోసారి ఆలస్యంగా పూర్తవుతుంది. సైకిళ్లు లెక్కపెట్టి షడ్జం వేగాన్ని పట్టాలనుకుంటే శ్రుతి వణుకుతుంది. గడియారం ఛానెల్ ప్రస్తుత సంఖ్యను చదువుతూ, 4560 దాటిన ప్రతిసారీ ఒక మూత వెయ్యాలి. బయోస్ ఆ ఛానెల్‌ను రెట్టింపు అడుగులతో దిగే మోడ్‌లో వదిలి ఉండొచ్చు. ముందు దాన్ని మామూలు మోడ్‌లోకి మార్చుకోకపోతే శ్రుతి ఒక స్థాయి పైకి లేచి కూర్చుంటుంది.